గడప దాటి చెప్పిన మాట

ఫలితాలు ఫోన్‌లోకి వచ్చేసరికి నేను పెర్కిట్ నుంచి ఆర్మూర్ వచ్చే ఆటోలో ఉన్నాను. అటు పక్క ఒక పెద్దమనిషి, ఇటు పక్క కూరగాయల గంప, నడుమ నేను. తెర మీద గుండ్రంగా తిరుగుతున్న చక్రం ఆగింది. నా హాల్‌టికెట్ నంబరు కనిపించింది. దాని కింద పేపర్లన్నీ వరసగా, అన్నిటికంటే కింద ఒకే ఒక్క మాట. పాస్.

నేను అరిచాను. ఆ అరుపు నాదేనని తెలియడానికి నాకే కాస్త టైం పట్టింది. డ్రైవరు ఆటోను పక్కకు తీసి బ్రేకేశాడు.

"ఏమైంది బిడ్డా? పర్సు పడ్డదా?"

"లేదన్నా! డిగ్రీ అయిపోయింది! పాసైన!"

ఆటోలో అందరూ నవ్వారు. పెద్దమనిషి నా నెత్తి మీద చెయ్యి పెట్టి "సల్లగుండు బిడ్డా" అన్నాడు. గంప ఆమె ఒక దోసకాయ తీసి నా ఒళ్లో పెట్టింది. మా ఇంట్లో, అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ, డిగ్రీ అన్న మాటతో ఇంతకుముందు ఎవరికీ పని పడలేదు. ఆ సంతోషంలో దోసకాయను గుండెకు అదుముకుని కూర్చున్నాను. ఆటో మళ్లీ కదిలాక గానీ గుర్తు రాలేదు, ఈ మాట మొదట వినాల్సింది అమ్మ అని.

అది అమ్మకూ నాకూ ఉన్న ఒప్పందం. మా ఇంటికి మంచి మాటైనా చెడ్డ మాటైనా ఎవరి నోటి మీదుగానో తిరిగి తిరిగి వచ్చేది. నాన్న షార్జాలో దిగిన సంగతి పక్కింటివాళ్ల ఫోన్‌కి వచ్చింది. నా పదో తరగతి ఫలితం బీడీ కార్ఖానలో టేకేదార్ చెప్పాడు, అమ్మకు ఆకు తూచి ఇస్తూ. ఇంటర్ ఫలితమైతే నల్లా దగ్గర బిందె నిండేలోపే ఎవరో అందించేశారు. నేను పరిగెత్తుకుంటూ ఇంటికి పోయేసరికి అమ్మ బిందె దించి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. తన వంతు కూడు ఎవరో తిని పోయినట్టుంది.

"డిగ్రీది మాత్రం నీ నోటితోనే ఇనాలె నేను," అంది ఆ రోజే. అప్పటికి నేను ఇంకా డిగ్రీలో చేరనే లేదు. "నా ముంగట నిలవడి చెప్పాలె. నీ నోట్లె చక్కెర నేనే పొయ్యాలె. ఇంకెవలన్న చెప్తె నేను చెవులు మూస్కుంట."

మంచి మాట తెచ్చినవాళ్ల నోట్లో చక్కెర పోయడం మా దగ్గర అందరికీ ఉన్న అలవాటే. అమ్మకు దానికి తోడు ఇంకో పట్టింపు ఉంది. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి మంచి మాట చెప్పుకోకూడదు. చెప్పుకుంటే ఆ మాట గడప మీదే కూర్చుంటుందట, లోపలికి రాదట. ఉప్పయినా పసుపయినా గడప మీద నుంచి చేతికి ఇవ్వరు కదా, మాట కూడా అంతే. ఇచ్చేవాళ్లు లోపలికి రావాలి, లేదా పుచ్చుకునేవాళ్లు బయటికి రావాలి.

స్టాండులో దిగానో లేదో, డ్రైవరన్న అటు పక్కకు కేకేశాడు. "ఓ వదినా! మీ గల్లి పిల్ల డిగ్రీ పాసైందట!"

అటు పక్క స్కూటీ మీద ఉన్నది మా చిన్నమ్మ. సొంత చిన్నమ్మ కాదు, మా గోడకు అవతలి ఇల్లు. అమ్మతో కూర్చుని బీడీలు చేస్తుంది. స్కూటీ ముందు బియ్యం సంచి, వెనక కట్టిన కిరాణా సామాను, మధ్యలో ఆమె.

"అవ్‌నా పోరి? నిజమేనా?"

"చిన్నమ్మా, నీ కాళ్లు మొక్కుత. అమ్మకు చెప్పకు. నేనే చెప్పాలె."

"నేనెందుకు చెప్త?"

"నీ నోట్లె నువ్వు గింజ నానదు చిన్నమ్మా."

"అరే! పాసై గడియ గాలే, అప్పుడే చిన్నమ్మనెక్కిరిస్తున్నవా?" అని కోప్పడి, మళ్లీ తనే నవ్వింది. "గని నిజమేనే. నానదు. జర జల్ది పో. ఎంతసేపు ఆపుకుంటనో నాకే ఎర్క లేదు."

"నన్ను బండెక్కించుకో మరి."

"ఏడ ఎక్కుతవ్? బియ్యం దించి నిన్నెక్కించుకుంటె, ఇంటికి పోయినంక మా అత్త నన్ను దించుతది."

స్కూటీ మెయిన్ రోడ్డు మీదుగా పోయింది. నేను అడ్డదారిన పాత బజారు గల్లీల్లో పడ్డాను.

ఆ గల్లీలు నాకు కొట్టిన పిండి. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు చేయాలన్నప్పుడు క్లాసులో కొందరు గుట్ట మీద గుడి తీసుకున్నారు, కొందరు పసుపు మార్కెట్ యార్డు తీసుకున్నారు. నేను పాత ఇళ్లు అన్నాను. "ఎవరి ఇళ్లమ్మా?" అని అడిగారు సారు. రాజులవో దొరలవో అనుకున్నట్టున్నారు. "ఎవరివైనా సార్, మనుషులు ఉంటున్నవి" అన్నాను. అట్లా ఎండాకాలం వచ్చేదాకా ఫోన్ పట్టుకుని ఇవే గల్లీల్లో తిరిగాను. మొదట్లో నాకు కనిపించినవన్నీ ఫొటో తీశాను. తరవాత తరవాత చూడడం వచ్చింది.

మనిషి ఒళ్లు చాపి పడుకునేంత మందం గోడలు. గోడలోనే దీపం పెట్టుకునే దిగూడు, దాని పై అంచున ఎన్నేళ్లదో నల్లటి మసి. రాతి దిమ్మె మీద నిలబెట్టిన టేకు స్తంభం, పిల్లలు పట్టుకుని తిరిగి తిరిగి నున్నగా అయిన చోట దాని రంగే వేరు. పసుపు ఆరబోసిన వాకిళ్లలోనైతే సున్నం గోడ అడుగున జానెడు మేర ఇప్పటికీ పసుప్పచ్చగానే ఉంటుంది, మీద ఎన్ని రంగులు వేసినా లోపలి నుంచి ఊరి వస్తుంది. ఒక ఇంటిని అన్నదమ్ములిద్దరూ నట్టనడుమ పంచుకున్నారు. ఒకాయన తన సగం పడగొట్టి స్లాబు పోసి స్టీలు రెయిలింగు పెట్టాడు. రెండో ఆయన సగం మీద ఇంకా గూనపెంకలే. మధ్యలో రంపంతో కోసిన దూలం, ఒక కొస స్లాబు గోడలోకి చొచ్చుకుపోయి, వాళ్లు విడిపోయినా తను విడిపోనట్టు నిలబడి ఉంది. ప్రాజెక్టులో దాని ఫొటో కింద ఏం రాయాలో తెలియక ఊరికే వదిలేశాను.

ఆ రోజు అవేవీ చూసే తీరిక లేదు. పరిగెత్తాను. ఇంటికి పోతే తాళం. అమ్మకు ఫోన్ చేశాను. తాళం వేసిన తలుపు వెనక నుంచే రింగు వినిపించింది. చార్జింగ్ పెట్టి మరిచి పోయింది. కిటికీలోంచి చూస్తే గోడకు చాట బోర్లించి ఉంది, తంబాకు డబ్బా మూత పెట్టి ఉంది, కట్టలు లేవు. కార్ఖానకు పోయిందన్నమాట.

అప్పుడే షార్జా నుంచి నాన్న ఫోన్. ఫలితాలు ఇవాళే వస్తాయని ఆయనకూ తెలుసు. ఎత్తితే నా గొంతులోనే తెలిసిపోతుంది. కట్ చేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ కట్ చేశాను. కూతురు ఫెయిలై ఏడుస్తున్నదని అనుకుంటాడు కదా పాపం! కానీ అమ్మ ముందు.

కార్ఖానకు పోయే గల్లీ మలుపులో నీలం తలుపుల ఇల్లు. ఆ ఇంటి తాత ఎప్పుడూ అరుగు మీదే ఉంటాడు. ప్రాజెక్టు రోజుల్లో నాతో తన తలుపు మీది ఇత్తడి పువ్వులన్నీ చింతపండుతో తోమించి మరీ ఫొటో తీయించుకున్నాడు.

"ఓ ఫొటోల పిల్లా! గట్ల ఉరుకుతున్నవేందే? నా ఇల్లు పుస్తకంల పడ్డదా?"

"పడ్డది తాతా. మొత్తం పేజీ."

"మరి నా ఇంటికి ఎన్ని మార్కులొచ్చినయ్?"

అక్కడే నోరు జారబోయింది. ప్రాజెక్టు పేపర్‌కే నాకు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. నాలిక కొరుక్కున్నాను. "మల్ల జెప్త తాతా, అమ్మ కావాలె ముందుగాల."

తాత నా మొహంలోకి చూశాడు. "నువ్వేం జెప్పకు తియ్యి. నీ మొకం మీదనే ముగ్గేసినట్టున్నది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అమ్మ ఇంతకుముందే గిట్లకెళ్లి పోయింది. పలకరిస్తె గూడ పలకలే. కాళ్లు భూమ్మీద లేవు ఆమెకు. జల్ది పో," అన్నాడు.

బీడీ కార్ఖాన కూడా ఒక పాత ఇల్లే. పేరుకు కార్ఖాన, నిజానికి వరండాలో ఒక కాంటా, ఒక బల్ల, వెనక గదిలో ఆకు మూటలు. వరండా స్తంభాలకు వేలాడే చెక్క చిలకలు ఉన్నాయి, రంగు పోయి తంబాకు రంగుకు తిరిగాయి. పదేళ్లుగా అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చినా ఆ చిలకలను నేను చూసింది మొన్న ప్రాజెక్టు పుణ్యమా అనే.

టేకేదార్ నన్ను చూడగానే కళ్లద్దాలు పైకి తోశాడు. పదో తరగతి మాట అమ్మకు చెప్పింది ఈయనే. నాకు భయం వేసింది.

"మీ అమ్మ కట్టలిచ్చి పోయింది. ఇయ్యాల ఏమైందే ఆమెకు?" ఒక బీడీ కట్ట తీసి నా ముందు పట్టుకున్నాడు. దారం వదులుగా ఉంది. వేలితో కదిపితే బీడీలు అటూ ఇటూ జారుతున్నాయి. "గిన్నేండ్లల్ల మీ అమ్మ కట్ట గిట్ల వదులు రాంగ నేను సూడలే. సూడు, ఒక్కటి గాదు, అన్నీ గట్లనే. నేనైతే ఏమనలే, తీస్కున్న. పానం బాగలేదా?"

అమ్మ ముడి వేస్తే గోటితో కూడా రాదు. పొద్దున నేను పోయేటప్పుడు ఫలితాల మాటే ఎత్తలేదు. "ఎండల తిరగకు" అని మాత్రం అన్నది. నాకంటే ఎక్కువగా ఆమే వణుకుతూ కూర్చుందన్నమాట ఆ చాట ముందు.

"పానం మంచిగనే ఉన్నది సేటూ. ఎటు పోయింది?"

"ఏడికి పోతది? మీ అరుగు మీదికే. మిరుగం దగ్గర పడ్డది గదా, గా పెద్ద దర్వాజ ఇంటి మీద పెంకలు తిరగేస్తున్నరట."

మిరుగం అంటే మృగశిర కార్తె. వానలు దిగకముందే గూనపెంకల ఇళ్లవాళ్లు పైకప్పు విప్పి, పగిలినవి తీసి, మిగిలినవి మళ్లీ పేర్చుకుంటారు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లూ, చేయించుకునేవాళ్లూ తగ్గిపోయారు.

పెద్ద దర్వాజ ఇల్లు ఒకప్పుడు పసుపు వ్యాపారం చేసినవాళ్లది. వీధి పొడుగునా ఎత్తయిన అరుగు. మధ్యాహ్నం తర్వాత దాని మీద నీడ పడుతుంది, గుట్ట వైపు నుంచి గాలి వస్తుంది. మా గల్లీ ఆడవాళ్లు చాటలు పట్టుకొచ్చి ఆ నీడలో బీడీలు చుట్టుకుంటారు. నేను పాకింది ఆ అరుగు మీదే, అఆలు దిద్దింది ఆ అరుగు బండ మీదే. అరుగు వరకే మా రాకపోకలు. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. నా ప్రాజెక్టు అట్ట మీద బొమ్మ ఆ దర్వాజదే. నిలువెత్తు చెక్కడం, మీద కలశం, పక్కన హంసలు. తలుపు మాత్రం మూసి ఉన్న బొమ్మ. వైవాకు వచ్చిన సారు ఆ బొమ్మ చూసి "బాగుందమ్మా, దీని వెనక ఏముంది?" అని అడిగారు. "చూడలేదు సార్" అన్నాను. పరీక్షలన్నిటిలోనూ నాకు జవాబు తెలియని ప్రశ్న అదొక్కటే అనిపించింది.

మలుపు తిరగగానే అరుగు ముందు చిన్నమ్మ స్కూటీ!

నాకంటే ముందే వచ్చేసింది. బియ్యం దించి చాట పట్టుకుని పనికి వచ్చేసింది. అరుగు మీద ఆడవాళ్లంతా ఉన్నారు. అమ్మ మాత్రం లేదు. అయిపోయింది, చెప్పేసి ఉంటుంది, అమ్మ లోపల ఎక్కడో కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది, మళ్లీ తన వంతు ఎవరో తిని పోయారు అనుకున్నాను.

"చిన్నమ్మా! చెప్పినవా?"

చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. మాట్లాడలేదు. ఆమె ఒక బుగ్గ జామకాయంత ఉబ్బి ఉంది. "మ్... మ్..." అంటూ వేలితో బుగ్గ చూపించింది, ఒళ్లో ఉన్న కిరాణా పొట్లం చూపించింది. బెల్లం! ఎక్కడ నోరు జారుతుందోనని పెద్ద బెల్లంగడ్డ నోట్లో కుక్కుకుని కూర్చుంది.

పక్కన ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. "వచ్చిన కాన్నుంచి గిదే కథ బిడ్డా. ఏందే అంటె మ్ అంటది. పన్ను నొస్తుందా అంటె మ్ అంటది. దవాఖానకు తోల్కపోదామా అనుకుంటున్నం."

చిన్నమ్మ కళ్లు పెద్దవి చేసి బుగ్గ మీద తట్టి, తర్వాత రెండు వేళ్లు దగ్గరగా పట్టి చూపించింది. ఇంక ఇంతే మిగిలింది, జల్ది పో అని దానర్థం. ఆ తర్వాత దర్వాజ వైపు చూపించింది.

దర్వాజ తెరిచి ఉంది.

నేను పుట్టిన కాడి నుంచి రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉండగా చూడడం అదే మొదటిసారి. లోపల మట్టి దుమ్ము లేస్తోంది. పైనుంచి పెంకలు చేతులు మారుతున్న చప్పుడు. గడపకు అవతల, చీకటి నడవ దాటి, వెలుగులో అమ్మ కనిపించింది. పెద్ద చెక్క సందుగకు ఒక కొస అమ్మ పట్టుకుంది, ఇంకో కొస మా గల్లీ ఆమె పట్టుకుంది. కప్పు విప్పుతుంటే దుమ్ము పడుతుందని, పనాయన సాయానికి కేకేస్తే లోపలికి పోయి, ఇంటి సామానంతా జరుపుతున్నారు. అమ్మ జుట్టంతా తెల్లగా దుమ్ము.

"అమ్మా!"

అమ్మ చూసింది. ఆమె మొహం ఒక్కసారిగా ఎట్లా మారిందో చెప్పలేను. సంతోషమో భయమో, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు.

"ఆగు! ఆడ్నే ఆగు! నోరు తెరువకు! కడప మీద చెప్పకు!"

"మరి నువ్వు బయటికి రా!"

"ఎట్లస్త? సందుగ ఇడిస్తె గీమె కాళ్లిరుగుతయ్!"

"దింపరాదే!" అంది రెండో కొస ఆమె.

"ఈడ ఎట్ల దింపుత? కింద పెంకలున్నయ్!"

నేను గడప ముందు నిలబడిపోయాను. నా మోకాలి దాకా ఎత్తున్న గడప అది, పసుపు రాసి రాసి చెక్క రంగే మారిపోయింది. నోట్లో మాట, కాళ్ల ముందు గడప. వెనక అరుగు మీద చిన్నమ్మ బుగ్గలో బెల్లం కరిగిపోతోంది. దాటి పోవచ్చు కదా అనిపించాలి. అనిపించలేదు. ఇన్నేళ్లు ఆ గడప దగ్గరే ఆగడం కాళ్లకు అలవాటయింది.

అప్పుడు లోపలి నుంచి ముసలి గొంతు. ఆ ఇంటి అవ్వ. లోపలి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, నెత్తి మీద కొంగు, చేతిలో కర్ర.

"ఎవలది? బయట నిలవడి ఒర్రుతున్నది?"

"నా బిడ్డ అవ్వా. నాకొక మాట చెప్పాలెనని వచ్చింది," అంది అమ్మ.

"చెప్పేదుంటె లోపలికి రావాలె గని, కడపకవతల నిలవడి చెప్తరా ఎవలన్న? ఆచారం లేదా మీకు? రా బిడ్డా. నెత్తి జర వంచుకో, పై చెక్క తల్గుతది."

వంగాను. నెత్తి మీదే ధ్యాస పెట్టి కాలు ఎత్తడం మరిచిపోయాను. గడప తన్నుకుంది. పడలేదు గానీ, నడవంతా తూలుకుంటూ పోయి నేరుగా అమ్మ ముందు ఆగాను, చేతిలో ఇంకా దోసకాయతో.

"అమ్మా, నేను పాసైన. అన్నీ. డిగ్రీ అయిపోయింది."

అమ్మ సందుగ వదల్లేదు. వదిలే వీలు లేదు. అట్లాగే పట్టుకుని, నా వైపు చూస్తూ నిలబడింది. దుమ్ము పట్టిన చెంపల మీద రెండు గీతలు కిందికి దిగాయి. "మల్ల చెప్పు," అంది.

మళ్లీ చెప్పాను.

"ఇంకెవలకన్న చెప్పినవా ముందుగాల?"

"ఆటోల ఒర్రిన. గని నీకే చెప్పిన. అరవడమొకటి, చెప్పడమొకటి గదా."

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. "అబ్బో, డిగ్రీ మాటలొచ్చినయ్!"

"పెంకలు నేను పక్కకు జరుపుతగని జర సందుగ దింపుండ్రి తల్లీ," అని కప్పు మీద ఉన్న పనాయన నవ్వుతూ దిగొచ్చాడు. సందుగ దిగింది. అమ్మ రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. ఆమె చేతుల తంబాకు వాసన, పాత పెంకల మట్టి వాసన. అప్పుడు నేను తల ఎత్తి చూశాను.

నా పైన ఆకాశం ఉంది. ఇంటి నడుమ నాలుగు పలకల ఆకాశం, చుట్టూ నాలుగు వైపులా దిగిన చూరు, చూరు కింద నల్లటి టేకు స్తంభాలు, వాటి మధ్యలో ఎండ చతురస్రంగా పడి ఉంది. ఒక వైపు కప్పు విప్పేశారేమో, పెంకలు మోసే దంతెల సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా నేల మీదికి దిగుతోంది. బండల సందులన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి. దర్వాజ వెనక ఏముందని అడిగితే ఇప్పుడు చెప్పగలను. మా అమ్మ ఉంది.

"పాసైందా?" అంది అవ్వ. "మంచి మాట. ఉత్త నోటితోని ఉంచుతవేందే మరి బిడ్డను? చక్కెర పొయ్యి."

"ఇంటికి పోయినంక పోస్త అవ్వా."

"ఇంటికి పోయేదాంక ఆగుతదా మంచి మాట? వంటింట్ల దిగూట్లె డబ్బ ఉన్నది. పోయి తెచ్చుకో."

అమ్మ కదల్లేదు. వంటింటి గడప వైపు చూసింది. అక్కడ ఇంకో గడప. చిన్నదే, కానీ అదీ పసుపు రాసినదే.

"నువ్వే తెచ్చియ్యరాదు అవ్వా."

"నా మోకాళ్లతోనా? నువ్వే పో." అవ్వ కాసేపు కర్రతో నేల మీద గీస్తూ కూర్చుంది. "గిన్నేండ్ల సంది అరుగు మీద కూసున్నరు. ఒక్కనాడన్న లోపలికొచ్చి అవ్వా ఎట్లున్నవ్ అని అడిగిన్రా మీరు?"

"నువ్వెన్నడన్న పిలిస్తివా అవ్వా?" అంది అమ్మ. గొంతులో దెప్పడం లేదు. నిజంగానే అడిగింది.

అవ్వ ఆలోచించింది. "లేదు," అంది. "మీ ముచ్చట్లు మాత్రం ఇంటుండె. తలుపెనక కుర్చీ ఏస్కొని. మీ చిన్నామె మస్తు నవ్విపిస్తది. ఇయ్యాల ఏందో సప్పుడు లేదు ఆమెది."

నాకు చిన్నమ్మ బుగ్గ గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వంటింటి గడప దాటింది. లోపల ఇత్తడి డబ్బా మూత తీసిన చప్పుడు. పిడికిట్లో చక్కెర పట్టుకొచ్చి నా నోట్లో పోసింది. ఆమె వేళ్ల తంబాకు ఘాటు చక్కెర కంటే ముందు నాలికకు తగిలింది. తర్వాత తీపి. నాకు ఆ రెండూ కలిసిన రుచే అలవాటు, చిన్నప్పటి నుంచీ అన్నం ముద్దలు కూడా అట్లాగే తిన్నాను.

నోరు నిండా చక్కెర ఉండగానే మళ్లీ నాన్న ఫోన్. ఈసారి ఎత్తి అమ్మ చేతిలో పెట్టాను. ఫోన్ చెవి దగ్గరికి పోకముందే అటు నుంచి మాటలు వచ్చేశాయి.

"బిడ్డా, పోతె పోయింది, ఫికర్ జెయ్యకు. మల్ల రాయొచ్చు. ఫీజు నేను పంపిస్త. అన్నం తిన్నవా? అమ్మకు చెప్పకు ఇప్పుడే, నేను మెల్లగ చెప్త..."

"ఏం చెప్తవ్?" అంది అమ్మ. "నీ బిడ్డ పాసైంది. నాకే ముందుగాల చెప్పింది. నేను నీకు చెప్తున్న."

షార్జా నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత నాన్న అడిగాడు, "ఏడున్నరు మీరు? గొంతు మోగుతున్నది."

అమ్మ చుట్టూ చూసింది. "పెద్ద దర్వాజ ఇంట్ల. లోపల," అంది. ఆ 'లోపల' అన్న మాటను కొంచెం నెమ్మదిగా, కొంచెం గట్టిగా అంది.

ఫోన్ నాకు ఇచ్చేసి అమ్మ కొంగు దులుపుకుంది. జుట్టు చేత్తో సవరించుకుంది. నడవలోంచి దర్వాజ వైపు నడిచింది. నేను వెనకే పోయాను. గడప దగ్గర ఆమె వంగింది, కాలు ఎత్తింది. నాలాగా తన్నుకోలేదు. పూర్తిగా దాటి, రెండు కాళ్లూ అరుగు మీద పెట్టాక గానీ నోరు తెరవలేదు.

"ఇన్నరా? నా బిడ్డ డిగ్రీ పాసైంది!"

చిన్నమ్మ బుగ్గ అప్పటికి చదునైపోయింది. బెల్లం అయిపోయి ఎంతసేపయిందో, పెదవులు రెండూ పళ్ల మధ్య బిగబట్టుకుని కూర్చుంది పాపం. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత చాట పక్కకు తోసి, రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"అవ్‌నా అక్కా! నిజమేనా? ఎవలన్న చెప్తె గదా నాకు తెల్సేది!"

అని పొట్లం విప్పి, ఉన్న బెల్లంలో పెద్ద ముక్క ఏరి, మంచి మాట తెచ్చిన మా అమ్మ నోట్లో పెట్టింది.